బావగారి ముందు వెల్లకిలా

మారెక్క బ్రూస్‌పేటలో మిరపకాయ బజ్జీల బండి నడుపుతుంది. నూనె కాగిందో లేదో చూడ్డానికి కన్ను కావాలి. దేవుడు రెండిచ్చాడు, రెండింటి కార్నియాలూ మసకబారాయి.

కుడికన్నుకు పాత పద్ధతిలో ఆపరేషన్ చేశారు. చెడిన కార్నియాను మొత్తం గుండ్రంగా కోసి తీసి, చనిపోయిన పుణ్యాత్ముడెవరిదో అమర్చి చుట్టూ కుట్లు వేశారు. ఆ పద్ధతిలో ఒక గొప్పతనముంది: రోగి లేచి కూర్చోవచ్చు. బంధువర్గమంతా బ్రెడ్డు పొట్లాలతో తరలివచ్చింది. ఏడాది గడిచినా ఆ కంటికి బజ్జీలు వంకర్లు పోయే కనబడేవి గానీ, పరామర్శలు మాత్రం ఏ లోపమూ లేకుండా జరిగాయి.

ఎడమకన్నుకు కొత్త పద్ధతి. కార్నియా లోపలి పల్చటి పొర ఒక్కటే మార్చారు. దాన్ని కుట్లు కాదు, కంట్లోకి ఎక్కించిన గాలిబుడగ అదిమి పట్టుకుంటుంది. బుడగ పైకి తేలుతుంది గనుక రోగి వెల్లకిలా పడుకునే ఉండాలి. వైద్యశాస్త్రం అన్నీ ఆలోచించింది, హులిగెప్పను తప్ప.

హులిగెప్ప మారెక్క భర్త హొన్నూరుస్వామికి అన్న; హచ్చొళ్ళిలో వరి పండిస్తాడు. బావ గడప తొక్కితే తమ్ముడి భార్య కూర్చుని ఉండకూడదు, ఇక పడుకోవడం సంగతి చెప్పనక్కర్లేదు. ఉన్నది ఒంటిగది ఇల్లు. మంచం వాకిలికి ఎదురుగానే.

"ఏమప్పా హొన్నూరా, మారెక్కకు ఎట్లుండాది?"

ఆ గొంతు వినగానే మారెక్క ఒళ్ళు మారెక్కను అడక్కుండానే లేచి నిలబడి కొంగు కప్పుకుంది. "లేయొద్దత్తా!" అని కోడలు బిందుశ్రీ అరిచేసరికే ఆలస్యమైంది. బావ కాలువ నీళ్ళ గురించి తీరిగ్గా మాట్లాడి వెళ్ళాడు. ఆమె అంతసేపూ నిలబడే ఉంది.

మరునాడు డాక్టరు చూసి పొర జారిందన్నాడు.

"ఎవరు లేపినారమ్మా నిన్ను?"

"ఎవరూ లేపలేదు సార్. మా బావ వచ్చినాడు."

ఇది ఏ రకం కాంప్లికేషనో ఆయనకు అంతుపట్టలేదు. మళ్ళీ గాలి ఎక్కించి, ఈసారి జారితే ఇంకెవరో కన్నుమూసి కన్నిచ్చేదాకా కాచుకోవాలని చెప్పి పంపాడు.

"మీ అన్నను రావొద్దని చెప్పు," అంది మారెక్క భర్తతో.

"యాడ చెప్పేది? అన్నను రావొద్దంటే నేనేం మనిషిని?"

కాబట్టి అన్న వచ్చాడు, ఎలనీరు కొబ్బరికాయలతో. చెప్పుల చప్పుడు విని మారెక్క మంచంపట్టీలు రెండు చేతులా బిగించి పట్టుకుంది.

"ఏంది మారెక్కా, కాళ్ళు నా దిక్కే చాపుకొనుండావు?"

"మంచమే అట్లుండాది బావా. నేను లేయను. లేస్తే కన్ను పోతాది."

"మొన్న లేచినావు గదా, ఏమాయె?"

"మొన్న లేచినందుకే మళ్ళా పండుకోనుండా!"

"మర్యాద అనేది ఉండాదేమప్పా నీ ఇంట్లో?" అని తమ్ముణ్ణి అడిగి, కాయలు గడప దగ్గరే పెట్టి వెళ్ళిపోయాడు. తమ్ముడు వెనకాలే పరుగెత్తాడు. తిరిగొచ్చి భార్యతో మాట్లాడలేదు.

పొర అతుక్కుంది. చూపొచ్చింది. మారెక్క మళ్ళీ బండి దగ్గర నిలబడ్డాక ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"పాత ఆపరేషన్‌తో పోలిస్తే కొత్తదాంతో మీకు తృప్తి ఎంతమ్మా? అయిదుకు ఎంతిస్తారు?"

మారెక్క రోడ్డు అవతలికి చూసింది. కుట్ల కంటికైతే అక్కడున్నది ఏదో తెల్లపంచె, అంతే. కొత్త కంటికి హులిగెప్ప పూర్తిగా కనబడ్డాడు.

"కన్నుకేమి పాపా, బాగుండాది. మా బావ మీసాలకంటిన కారం కూడా కనబడతాండాది."

"అయితే అయిదు రాసుకోనా?"

"ఉండు తల్లీ. ఆయన తినేది ఎదురుబండి సిద్దక్క బజ్జీలు. రెండు రాసుకో."