పిన్నిగారు గీసిన ముఖాలు

మంగళవారం ఉదయం ఆఫీసుకు బయలుదేరి లిఫ్టు కోసం నిలబడి ఉండగా మా సొసైటీ వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ వచ్చింది. బి టవర్ తొమ్మిదో అంతస్తు ఆంటీ ఆసుపత్రిలో కన్నుమూశారని, ఆవిడ మన సొసైటీ గర్వించదగ్గ ఆర్టిస్టని, కుటుంబానికి సంతాపమని సెక్రటరీగారు రాశారు. దాని కిందే, అదే మెసేజ్‌లో, ట్యాంకు కడుగుతున్నారు కాబట్టి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు నీళ్లు రావని, బకెట్లు నింపుకోమని ఉంది. నేను కిందికి చేరేలోపు చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. వాటి మధ్యలో ఎవరో, నీళ్లు సి టవర్‌కి కూడా రావా అని అడిగారు.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం దిగలేదు. గర్వించదగ్గ ఆర్టిస్టట. ఆ ఆర్టిస్టు వేసిన బొమ్మల్ని ఇదే సొసైటీ ఏం చేసిందో, అందులో నా పాలు ఎంతో చెప్పకుండా ఆమెను తలుచుకోవడం నాకు చేతకాదు.

నాలుగేళ్ల కిందట నాకు మెడనొప్పి పట్టుకుంది. స్క్రీన్ ముందు కూర్చోవడం తగ్గించి వేరే ఏదైనా వ్యాపకం పెట్టుకోమన్నాడు డాక్టరు. ఒక రంగుల డబ్బా, నాలుగు కుంచెలు కొని, ఆదివారం పొద్దున్న పార్కు బెంచీ మీద కూర్చుని ఎదురుగా ఉన్న వేపచెట్టు వేస్తున్నాను. మధ్యలో అమ్మ ఫోన్ చేస్తే మాట్లాడి పెట్టేశాను. ఢిల్లీ పక్కనున్న ఈ ఘాజియాబాద్‌లో, వెనక నుంచి తెలుగులో ఒక గొంతు వినిపించింది.

"డబ్బాలోంచి ఆకుపచ్చ తీసి అలాగే పెట్టేశావేటి బాబూ?"

తిరిగి చూస్తే అరవై దాటిన మనిషి. నేత చీర మీద మగవాళ్ల మిలిటరీ స్వెట్టరు, దాని చేతుల అంచులకు రకరకాల రంగుల మరకలు. ఆకులు పచ్చగానే ఉంటాయి కదండీ అన్నాను.

"ఈ ఊళ్లో చెట్టు పచ్చగా ఎప్పుడుంది? వాన పడ్డ మర్నాడు ఒక్కరోజు. మిగతా రోజులన్నీ దుమ్మే. చూసి వెయ్యి."

పక్కన కూర్చుని, నా పచ్చరంగులో ఇటుకరంగు ఒక చుక్క కలిపింది. కాగితం మీద చెట్టు ఒక్కసారిగా ఘాజియాబాద్ చెట్టయిపోయింది.

ఆమెది శ్రీకాకుళం దగ్గర. భర్త సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యారు. ఆయన ఉద్యోగం ఉన్నన్నాళ్లూ కంటోన్మెంట్ క్వార్టర్ల మధ్య తిరగడం, సామాను కట్టడం, విప్పడం. యాభై రెండో ఏట, ఇక సామాను కట్టే పని లేదని తేలాక, కుంచె పట్టుకుందట. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. "ఇక్కడ అందరికీ ఆంటీనే నేను. నువ్వయినా పిన్నీ అను" అంది ఆరోజే. అప్పటినుంచి ఆదివారాలు వాళ్ల బాల్కనీలో గడిచాయి.

ఆమె ఎప్పుడూ బాగుందని అనలేదు. నేను వేసినదాని మీద వేలు పెట్టి, "ఇక్కడ చూడలేదు నువ్వు" అనేది. అంతే. కాగితం చెడిపోయిందని నేను విసుక్కుంటే, చెడింది కాగితమే కదా, దానికంత మొహం మాడ్చుకోవడం ఎందుకు అనేది. ఇంకొక్క గీత గీస్తే బాగుంటుందేమో అనిపించినప్పుడు లేచి టీ పెట్టుకోమనేది. ఆ మాట వినక నేను పాడుచేసుకున్న బొమ్మలు ఒక సంచీడు ఉన్నాయి. ట్యూబులైటు వెలుతురులో ఆమె ఏనాడూ కుంచె ముట్టుకోలేదు. ఎండ తగ్గితే ఆ రోజుకు అయిపోయినట్టే.

ఒక ఆదివారం, మా గేటు దగ్గర పగటిపూట ఉండే గార్డును చూడకుండా, గుర్తున్నంతలో వెయ్యమంది. సులువే అనుకున్నాను. నీలం యూనిఫారం, టోపీ, గుబురు మీసం, చేతిలో రిజిస్టరు. పది నిమిషాల్లో వేసి ఇచ్చాను. ఆమె చాలాసేపు చూసింది.

"ఆయనకి మీసం ఉందా?"

ఉందనే అన్నాను. కిందికెళ్లి చూసి రమ్మంది. వెళ్లాను. మీసం లేదు. ఎప్పుడూ ఉంచుకోలేదని ఆయనే చెప్పాడు. ఎడమ చెవి అంచు చిన్నప్పుడెప్పుడో తెగి, రెండుగా అతుక్కుని ఉంది. మూడేళ్లుగా రోజుకు రెండుసార్లు నాకు గేటు తీసి నమస్తే చెప్పిన మనిషి. నేను మూడేళ్లూ ఒక యూనిఫారానికి నమస్తే చెప్పాను.

బొమ్మ వేసుకుంటాను, కాసేపు కూర్చుంటావా అని అడిగితే ఆయన కుర్చీ సర్దుకుని, "సాబ్, టోపీ తీసేయనా?" అన్నాడు. తీశాక చూస్తే నుదురు మీద టోపీ ఒత్తిన గీత, దాని పైన ఎండ తగలని తెల్లటి చర్మం. ఆ గీత వేయడానికి నాకు గంట పట్టింది. బొమ్మలు వేయడం వల్ల నేను నేర్చుకున్నదంతా ఆ గంటలోనే ఉందేమో అనిపిస్తుంది.

పిన్నిగారు అప్పటికే ఆ పనిలో ఉంది. ఇస్త్రీ చేసే దీదీ, తోటమాలి, చెత్త తీసుకెళ్లే ఆయన, మెట్లు తుడిచే అమ్మాయి, గార్డులు, అందరివీ కలిపి పదకొండు ముఖాలు వేసింది. ఒక్కొక్కరి దగ్గరా రోజుల తరబడి కూర్చుంది. ఇస్త్రీ దీదీ చెంపల మీద బొగ్గు వేడికి వచ్చిన ఎరుపు కుదరక ఆ బొమ్మ నాలుగుసార్లు వేసింది. మా సొసైటీలో చాలామందికి ఇది నవ్వులాట. "ఆంటీజీ, మంచి టైంపాస్" అనేవాళ్లు లిఫ్టులో.  ఇంటికొచ్చాక ఆమె, "టైము పాస్ చెయ్యడానికి నాకేం మిగిలిందని?" అనేది.

రెండేళ్ల కిందట దీపావళి మేళాకు క్లబ్‌హౌస్‌లో ఆమె బొమ్మల ప్రదర్శన పెడతామని కమిటీ అడిగింది. ఆమె ఆ పదకొండూ తెచ్చింది. నేనే మేకులు కొట్టి తగిలించాను. సాయంత్రం నాలుగింటికి ఇస్త్రీ దీదీ చీర మార్చుకుని, తన బొమ్మ చూసుకోవడానికి వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. పనివాళ్లు క్లబ్‌హౌస్‌లోకి రాకూడదని మా సొసైటీలో ఒక నియమం ఉంది. వాళ్లకు లిఫ్టు కూడా వేరే.

సెక్రటరీగారు వచ్చారు. మర్యాదస్థుడే. గొంతు పెంచడు. "ఆంటీజీ, మీ దగ్గర పువ్వుల బొమ్మలున్నాయి, రాధాకృష్ణులున్నారు. పండగపూట అవి పెడదాం. ఇవి చూసి కొందరు ఇబ్బంది పడుతున్నారు. పైగా వీళ్లంతా లోపలికొస్తే ఎలా?" అన్నారు హిందీలో.

"ఇబ్బంది ఎవరికి?" అంది పిన్నిగారు.

ఆయన నా వైపు తిరిగి, మీ తెలుగావిడే కదా, మీరు నచ్చజెప్పండి అన్నారు.

నేను నచ్చజెప్పాను. ఈ వాక్యం రాయకుండా రెండు రోజులు తప్పించుకు తిరిగాను. "ఒక్కరోజుకే కదా పిన్నిగారూ, పువ్వులవి పెట్టేద్దాం, గొడవెందుకు" అన్నాను, ఆమెకు మేలు చేస్తున్నట్టు మెత్తగా, తెలుగులో. ఆమె నన్ను కాసేపు చూసింది. నా కాగితాల మీద వేలు పెట్టే ముందు ఎలా చూసేదో అలాగే చూసింది.  ఒక్కొక్క బొమ్మా తనే దించి, దుప్పట్లో చుట్టుకుని వెళ్లిపోయింది. ఆ గోడకు రాత్రికల్లా రంగు కాగితాల తోరణాలు వచ్చాయి.

మర్నాడు బేస్‌మెంట్‌లో, కార్ల మధ్య ఇస్త్రీ దీదీ బల్ల ఉండేచోట, తాడు కట్టి బట్టల క్లిప్పులతో పదకొండూ వేలాడదీసింది. పనివాళ్లు డ్యూటీ మారే వేళకు వచ్చి చూశారు. ఎవరి ముఖం దగ్గర వాళ్లు కొంచెం సిగ్గుపడుతూ నిలబడ్డారు. కార్లు తీసుకోవడానికి వచ్చినవాళ్లలో ముగ్గురో నలుగురో ఆగారు. మిగతావాళ్లు హారన్ కొట్టారు. సాయంత్రం ఆమె క్లిప్పులు తీసి, ఎవరి బొమ్మ వాళ్ల చేతిలో పెట్టేసింది. ఇదంతా నాకు గార్డు చెప్పాడు. నేను ఆరోజు కిందికి పోలేదు.

మూడు ఆదివారాలు వాళ్లింటికి కూడా పోలేదు. నాలుగోవారం ఆమె భర్త, నేను బాబాయిగారూ అని పిలిచే ఆయన, మా తలుపు కొట్టారు. "కాగితాలు తెచ్చుకోమంది. నల్లరంగు అయిపోయిందట, అది కూడా తెమ్మంది" అన్నారు. వెళ్లాను. జరిగినదాని మాట ఆమె ఆనాడూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేది.

గత రెండు చలికాలాలూ ఆమెకు ఊపిరి అందడం కష్టమైంది. ఈ గాలి వదిలి కొన్నాళ్లు శ్రీకాకుళం వెళ్లమని డాక్టరు చెప్పాడు. వెళ్లలేదు. బాల్కనీ తలుపులు మూసుకుని, అద్దంలోంచి పొగలో మునిగిన టవర్లు వేసేది. "ఎన్ని నీళ్లు కలిపినా ఈ ఆకాశం రంగు రావట్లేదు బాబూ. మురికిని కూడా సరిగ్గా చూడాలి కదా" అనేది, మాటకూ మాటకూ మధ్య ఆగి. ఈ గాలిని ఇలా చేసేవాళ్లు ఒకరు, దాన్ని పీల్చి పోయేవాళ్లు మరొకరు.

ఆదివారం పదకొండింటికి క్లబ్‌హౌస్‌లో సంతాపసభ పెట్టారు. ఆమె వేసిన గులాబీల బొమ్మకు దండ వేసి పెట్టారు. సెక్రటరీగారు మాట్లాడారు. ఈ వయసులో కూడా ఆంటీజీ తనను తాను బిజీగా ఉంచుకున్నారని, పెద్దవాళ్లందరూ ఇలాంటి హాబీ ఒకటి పెట్టుకోవాలని చెప్పారు. బిజీగా ఉంచుకున్నారట. ఒక చెంప ఎరుపు కోసం బొమ్మను నాలుగుసార్లు వేసిన మనిషి గురించి ఆ మాట.

నా కుర్చీలోంచి చూస్తే అద్దాల తలుపు అవతల ఇస్త్రీ దీదీ, గార్డు, మరో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నారు. లోపల ఖాళీ కుర్చీలున్నాయి.

నేను లేచాను. మాట్లాడటం నాకు రాదు, హిందీలో అసలు రాదు. "ఆమె వేసిన మంచి బొమ్మల్లో ఒక్కటి కూడా ఈ గదిలో లేదు. ఉండనివ్వలేదు. ఆరోజు దించేయమని చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను" అన్నాను, వచ్చినంత హిందీలో. వెళ్లి తలుపు తీశాను. సెక్రటరీగారు నా పక్కకు వచ్చి, "ప్లీజ్, ఇప్పుడు వద్దు. నియమం అందరికీ ఒకటే" అన్నారు, ఎప్పటిలాగే నెమ్మదిగా.

ముందు వరుసలోంచి బాబాయిగారు లేచారు.  "తో హమ్ బాహర్ బైఠేంగే" అన్నారు, అయితే మేం బయటే కూర్చుంటాం అని. తన కుర్చీ తనే ఎత్తుకుని, గుమ్మం దాటి, ఇస్త్రీ దీదీ పక్కన వేసి ఆమెను కూర్చోమన్నారు. తను మెట్టు మీద కూర్చున్నారు. మాలో ఆరేడుగురం బయటికి వెళ్లాం. మిగిలినవాళ్లు లోపలే ఉండి సమోసాలు తిన్నారు. సాయంత్రం గ్రూపులో పెట్టిన ఫొటోలన్నీ లోపలివే.

సభ అయ్యాక బాబాయిగారు నన్ను ఇంటికి తీసుకెళ్లారు. ఆమె గదిలో చెక్కపలక మీద, ఆసుపత్రికి వెళ్లే ముందు మొదలుపెట్టిన బొమ్మ అలాగే క్లిప్పుకు ఉంది. చూసి వెనక్కి తగ్గాను. సెక్రటరీగారి బొమ్మ అది.

"ఈయన్ని ఎందుకు వేశారు బాబాయిగారూ?" నా గొంతులో కోపం నాకే వినిపించింది.

"నేనూ అడిగాను. కోపం వల్ల ఆ మనిషిని సరిగ్గా చూడలేదు, ఇప్పుడు చూడాలి అంది. రోజూ పొద్దున్న కిందికి దిగి, గేటు దగ్గర కూర్చుని చూసేది."

నాకు ఆయన మీద ఇంకా కోపమే. ఆమె చూసినట్టు చూడటం నాకింకా రాలేదు, వస్తుందన్న నమ్మకం కూడా లేదు. అయినా ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాను. స్కూలు బస్సు కోసం గేటు దగ్గర నిలబడ్డ మనిషి. నిద్ర చాలని కళ్లు, చెదిరిన జుట్టు, భుజానికి కూతురి గులాబీ రంగు బ్యాగు. అంతవరకు రంగు పడింది. కిందికి జారిన ఎడమచెయ్యి, దాని చూపుడువేలును చుట్టి పట్టుకున్న చిన్న పిడికిలి మాత్రం పెన్సిలు గీతల్లోనే ఉన్నాయి. ఆ పక్కన పిల్ల నిలబడాల్సినచోట కాగితం తెల్లగా ఉంది.