గాలయ్య ఒప్పుకున్న బాణం

మెదక్‌లో బాణాల తాలీం ఎక్కడుండేదని అడిగితే ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. ఖిల్లా గుట్ట కింద, ముళ్ళపొదల పక్కన, చదునుగా ఉన్న కాస్త నేల అది. నిజాం కాలంలో శుక్రవారం సెలవు. ఆ పొద్దున్నే పది పన్నెండు మందిమి అక్కడ చేరి విల్లు పట్టేవాళ్ళం. కాగితాల్లో దాని పేరు తీరందాజీ క్లబ్బు. నడిపినవాడు ఉస్తాద్ గులాం మొహియుద్దీన్. ఆయన గొంతు పెద్దది, చూపు చిన్నది. బాణం ఎక్కడ దిగిందో ఆయనకు మేం చెప్పాల్సిందే. మేమేమో నిజం చెప్పేవాళ్ళం కాదు.

నేను రాయాలనుకున్నది ఉస్తాద్ గురించి కాదు. మేదరి గాలయ్య గురించి. ఆయన గంపలు, చాటలు అల్లి అంగట్లో పెట్టేవాడు. మా తాలీంలో ఆయన సభ్యుడు కాదు, నౌకరూ కాదు. ఎవరూ రమ్మనలేదు, వచ్చాడు. పన్నెండేళ్ళు వస్తూనే ఉన్నాడు. మాకంటే ముందు వచ్చి గడ్డిమోపు నిలబెట్టి, బాణం పట్టి నిలిచేలా దాన్ని తడిపి, సున్నంతో గుండ్రంగా గీత గీసేవాడు. మేం కొట్టిన బాణాలు గడ్డిలో ఎన్ని దిగేవో, పొదల్లో ఎన్ని పడేవో నాకు తెలుసు. పొదల్లో పడ్డవాటిని ముళ్ళు గీరుకుంటూ ఏరేది గాలయ్యే. వంగినవాటిని నిప్పుసెగ మీద సరిచేసి, ఊడిన గద్ద ఈకలను తుమ్మ జిగురుతో అతికించి, దారం చుట్టేవాడు. మనిషికొక రంగు దారం, మనిషికి ఐదు బాణాలు. ఎవరి చేతి పొడవును బట్టి వాళ్ళకు పుల్ల కోసేవాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు.

ఆయన భార్య యాదవ్వ మాత్రం ఊరుకునేది కాదు. "గంపలు అల్లుమంటె పుల్లలు చెక్కుకుంట కూసుంటివి. ఆ బాణాలోళ్ళు నీకు బువ్వ పెడ్తరా?" అని వాకిట్లో నిలబడి తిట్టేది. తిట్టి, జిగురు కాచేది కూడా ఆమే.

ఒకసారి నేనే అడిగాను, నీకెందుకు మామా ఈ తిప్పలని.

"గంప అల్లితె అంగట్లకు పోతది, మల్ల కనపడది. గివి పోయి మల్ల నా చేతికే వస్తయిరా మల్లేశం" అన్నాడు.

విల్లు మాత్రం ఎన్నడూ పట్టలేదు. ఉస్తాద్ బలవంతం చేస్తే, "నేను కొడ్తె ఏరేదెవలు ఉస్తాద్?" అని నవ్వి తప్పుకునేవాడు.

మా తాలీంలో ఒక పద్ధతి ఉండేది. సభ్యుడెవరైనా చనిపోతే అతని ఐదు బాణాలు ఇంటివాళ్ళకు అప్పజెప్పాలి. వాళ్ళు ఇంటి కప్పులో చెక్కుకుంటారు. వాటితో ఇంకొకరు కొట్టకూడదు. బక్కయ్య జ్వరమొచ్చి పోయినప్పుడు అతని బాణాలను గుడ్డలో చుట్టి అతని భార్య రామమ్మకు ఇచ్చి వచ్చింది గాలయ్యే. ఆ తరువాత కొన్నాళ్ళకే నలుగురు గుమిగూడితే చాలు సర్కారు అనుమానించే కాలం వచ్చింది. తాలీం మూతపడింది. ఉస్తాద్ హైదరాబాదులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను కమ్యూనిస్టుల సంఘంలో కలిసి అడవి పట్టాను.

ఇక బాణం సంగతి. నలభై ఎనిమిదో సంవత్సరం, హోలీ పోయిన పది రోజులకు, కుల్చారం పక్క ఒక పల్లెలో సర్కారుకు కొలవాల్సిన లెవీ ధాన్యం కోసం నిజాం జవాన్లు ఇండ్ల మీద పడ్డారు. మా దళానికి ఉన్నవి రెండే తుపాకులు. నా చేతిలో తాలీం విల్లు ఉంది. గడ్డివాము చాటు నుంచి కొట్టాను. ఒక జవాను మెడలో దిగింది. మూడో రోజు మెదక్ దవాఖానలో ప్రాణం విడిచాడట. అతనికీ నా వయసే ఉంటుంది. దీని గురించి గొప్పలు చెప్పుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఆ బాణం నాది, అంతే.

తరువాత జరిగింది నేను చూడలేదు. యాదవ్వ కొంత, రామమ్మ కొంత చెబితే తెలిసింది. బాణం చూడగానే తాలీంది అని పట్టణంలో ఎవరో చెప్పారు. పోలీసు అమీన్ గాలయ్యను కచేరీకి పిలిపించి బాణాన్ని బల్ల మీద పెట్టాడు. రక్తం ఎండి దారం నల్లబడింది, రంగు తెలియడం లేదు. అయినా గాలయ్యకు రంగుతో పనేముంది? పుల్ల మిగతావాటికంటే రెండు వేళ్ళు పొట్టి. మా అందరిలో పొట్టి చేతులవాళ్ళం ఇద్దరమే, నేనూ బక్కయ్యా.

"సచ్ బోల్. ఎవనిది?" అన్నాడు అమీన్.

"బక్కయ్యది సాబ్. వాడు పోయి ఏడాది దాటింది" అన్నాడు గాలయ్య.

చచ్చినవాడిని ఎవరేం చేస్తారులే అనుకున్నాడు పాపం. అమీన్ రాసుకున్నాడు. రాసుకుని తలెత్తి, "చచ్చినోని బాణం ఎట్ల నడిచొచ్చింది? వాని బాణాలు ఎవరి దగ్గర ఉన్నయి?" అని అడిగాడు. అప్పుడుగానీ గాలయ్యకు తాను చేసింది తెలియలేదు. పన్నెండేళ్ళుగా ఆ పద్ధతిని తప్పకుండా నడిపించినవాడు, నోరు తెరిచే ముందు దాన్నే మరిచిపోయాడు. రామమ్మ ఇంట్లో ఐదుకు ఐదు బాణాలూ భద్రంగా ఉన్నాయి. అవి ఐదూ బయటికి వస్తే గాలయ్య అబద్ధం చెప్పినట్టు తేలిపోతుంది. మిగిలిన పొట్టిచేతులవాడు ఎవడని అడుగుతారు.

ఆయన్ను ముందు నడిపించుకుంటూనే రామమ్మ ఇంటికి వెళ్ళారు. ఆమె వాకిట్లో పప్పు చెరుగుతోంది. అమీన్ అరిచాడు, నీ మొగుని బాణంతో మా జవానును చంపిన్రు, కడమవి తియ్యి అని. రామమ్మ గాలయ్య ముఖం చూసింది. ఆయన తలెత్తలేదట. లోపలికి పోయి గుడ్డమూట తెచ్చి కింద పెట్టింది. నాలుగే ఉన్నాయి.

"ఐదోది?"

"ఎవలో వచ్చి అడిగిండ్రు, ఇచ్చిన. మొఖం యాది లేదు" అంది.

చెంప మీద కొడితే చాట మీద పడింది. ఐదో బాణం కప్పులోనే ఉంది. మరునాడు యాదవ్వ వెళ్ళి దాన్ని తీసి అన్నం కుండ కింద కాల్చేసింది. రామమ్మను జైల్లో వేశారు. పోలీసు యాక్షన్ అయి తలుపులు తెరిచేదాకా, అంటే ఆరు నెలలు, ఆమె లోపలే ఉంది.

ఆమె తిరిగి వచ్చిన రోజే గాలయ్య వెళ్ళి ఆమె ముందు కూర్చున్నాడు. ఏదో చెప్పబోతే రామమ్మ అడ్డుపడింది. "అన్నా, గది ఎవనిదో నాకు చెప్పకు. తెలిస్తె ఏనాడో ఒకనాడు నోరు జారుత" అంది.

నిజాం పోయాడు, ఇక అయిపోయింది అనుకున్నాం. ఏమయిపోయింది? అమీన్ మారాడు కానీ అమీన్ రాసిన కాగితం అదే బీరువాలో ఉంది. ఈసారి మిలిటరీవాళ్ళు కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్నారు. బాణమిచ్చిన ఆడమనిషి ఉంది కాబట్టి తీసుకున్నవాడూ ఉంటాడు కదా. రామమ్మను క్యాంపుకు పిలవడం మొదలుపెట్టారు. వారానికి రెండుసార్లు. కొట్టింది లేదు, తిట్టింది లేదు. పొద్దున పోతే పొద్దుగూకేదాకా ఎండలో కూర్చోబెట్టి, ఒక్క మాట అడిగి, మళ్ళీ రమ్మని పంపేవాళ్ళు. నాట్లప్పుడూ అంతే, కోతలప్పుడూ అంతే. ఆమెను కూలికి పిలవడం మానేశారు. దగ్గు పట్టుకుంది. ఆమె పక్కన గాలయ్య వెళ్ళి కూర్చునేవాడు. అల్లే గంప చేతిలోనే ఉండేదట, ముందుకు సాగేది కాదట.

ఒక మధ్యాహ్నం గాలయ్య వెదురు కోసం పోచారం అడవికి వచ్చాడు. నేనున్న చోటు తెలిసినవాళ్ళు తీసుకొచ్చారు. రెండేళ్ళ తరువాత ఆయన్ను చూడటం అదే. కత్తి కింద పెట్టి, బండ మీద కూలబడి, చాలాసేపు కాళ్ళు ఒత్తుకున్నాడు.

"రామమ్మను పిలుస్తనే ఉన్నరు మల్లేశం. అబద్దం నేను చెప్తి, ఆమె మోస్తున్నది. గిది ఎట్ల తెగుతదో నాకైతె సమజ్ అయితలేదు."

నన్ను రమ్మనలేదు. నువ్వు ఒప్పుకో అనలేదు. అనకపోయినా ఎందుకు వచ్చాడో నాకు అర్థమైంది.

"దళం పెద్దలను అడుగుత మామా. ఎనిమిది రోజులు ఆగు" అన్నాను.

"సరే తియ్యి, ఆగుత" అని వెదురు భుజాన వేసుకుని వెళ్ళాడు.

నేను ఎవరినీ అడగలేదు. అడిగితే వెళ్ళమంటారేమోనని భయం. వెళ్తే కాల్చేస్తారని ఇంకో భయం. ఎనిమిది రోజులు పోయాయి, ఇరవై పోయాయి. ఉద్యమానికి నేను అవసరమని నాకు నేనే చెప్పుకున్నాను. దళంలో ఆ ముక్క నాతో ఎవరూ అనలేదు.

ఇరవై రెండో రోజున గాలయ్య క్యాంపులోకి ఒక్కడే వెళ్ళాడు. ఆ అధికారి ఎక్కడో ఉత్తరాది మనిషి. మధ్యలో గుమాస్తా ఒకడు తెలుగు చేసి చెప్పేవాడు. బక్కయ్య ఇంటి కప్పు బాగుచేయడానికి పోయినప్పుడు తానే ఒక బాణం దొంగిలించాననీ, రామమ్మ భయపడి ఎవరో వచ్చి అడిగారని చెప్పిందనీ, జవానును కొట్టింది తానేననీ గాలయ్య చెప్పాడు. అధికారి ఆయన్ను కిందినుంచి మీదికి చూశాడట. మేదరి మనిషి, యాభై దాటినవాడు, కళ్ళలోంచి నీరు కారుతోంది. నువ్వే కొట్టావా, అయితే కొట్టి చూపించు అన్నాడు.

తాలీం విల్లు ఒకటి స్వాధీనం చేసుకున్న సామానులో ఉంది. రామమ్మ ఇంటి నాలుగు బాణాలూ ఉన్నాయి. ముప్పై అడుగుల దూరంలో ఇసుక బస్తా పెట్టారు. ఆ పూట రామమ్మ కూడా అక్కడే ఎండలో కూర్చుని ఉంది, ఆమె చెప్పిందే ఇది. గాలయ్య విల్లు తీసుకున్న తీరు చూస్తేనే కొత్తవాడని తెలిసిపోతుందట. మొదటిది ఆయన కాళ్ళ దగ్గరే పడింది. రెండోది, మూడోది బస్తాకు చెరో పక్క పోయాయి. జవాన్లు పడీ పడీ నవ్వారు. నాలుగోది ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. గాలయ్య విల్లు కింద పెట్టి, అలవాటు కొద్దీ బాణాలు ఏరడానికి బయలుదేరాడు. అక్కడ నవ్వు ఆగిపోయిందని రామమ్మ చెప్పింది.

"ఆ దినం దగ్గరికెల్లి కొట్టిన సాబ్" అన్నాడు తిరిగొచ్చి.

అధికారి నమ్మలేదు. నమ్మలేదని ఆయన ముఖంలోనే ఉందట. కానీ ఆయన కూడా అలసిపోయాడు. ఆ కాగితం ఎన్నాళ్ళుగానో బల్ల మీద పడి ఉంది. రాయి అన్నాడు గుమాస్తాతో. గాలయ్య వేలిముద్ర వేశాడు. రామమ్మను ఇక రావద్దన్నారు. ఆమె లేచి గాలయ్య దగ్గరికి రాబోతే ఆయన చెయ్యి ఊపాడు, పొమ్మని.

రెండేళ్ళ పైన జైల్లో ఉన్నాడు. పోరాటం ఆపేశాం అన్నాక నేను బయటికొచ్చి లొంగిపోయాను. నా మీద ఉన్న కేసులన్నీ చదివారు. అందులో బాణం లేదు. ఎందుకుంటుంది, దానికి మనిషి దొరికాడుగా. నాలుగు నెలల్లో వదిలేశారు.

గాలయ్య అప్పటికి ఇంటికి వచ్చి ఉన్నాడు. వేళ్ళు వణికి బద్దలు చీల్చలేకపోతున్నాడు. యాదవ్వ అల్లుతుంటే పక్కన కూర్చుని చూస్తున్నాడు. నేను వెళ్ళి కాళ్ళ మీద పడ్డాను. అన్నాను, రేపే పోయి ఆ బాణం నాదని నలుగురిలో చెప్పేస్తాను మామా, నీ మీద మచ్చ ఎందుకు అని. నాకు అది చెప్పేస్తే చాలు, బరువు దిగిపోతుందనిపించింది.

గాలయ్యకు ఆ రోజు వచ్చినంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

"నీకు బరువు దిగుతది. మల్ల కాయితం తెరుస్తరు, గాలయ్య అబద్దమాడిండు అంటరు, రామమ్మను పిలుస్తరు. ఇంగ ఆమె ఎండల కూసోదు. నువ్వు నోరు ముయ్యి" అన్నాడు. కాసేపటికి తానే మెత్తబడి, "బువ్వ తిని పో" అన్నాడు.

ఆ తరువాత రెండేళ్ళకు గాలయ్య పోయాడు. ఇంట్లో నేనే కాక ఇంకెందరో ఉన్నారు ఆ రోజు. జవానును చంపినవాడట అని ఎవరో గుసగుసలాడుతుంటే విన్నాను. పాడె మోశాను కానీ నోరు విప్పలేదు. రామమ్మతో కూడా ఏమీ చెప్పలేదు. ఆమె నన్ను చూసినప్పుడల్లా బాగున్నవా అని అడిగేది, నా చేతుల వంక ఎన్నడూ చూడలేదు. తెలుసో తెలియదో ఇరవై ఏళ్ళు నేను తేల్చుకోలేకపోయాను.

రామమ్మ ఈ ఏడు ఉగాదికి ముందు పోయింది. ఇప్పుడు ఆమెను పిలిపించడం ఎవరివల్లా కాదు, అందుకే ఇది రాశాను. గాలయ్య ఉంటే ఇంకొన్నాళ్ళు ఆగమనేవాడేమో. నేను ఆగలేను, నాకు ఓపిక అయిపోయింది.