త్రావోరేలు బిగించిన నట్టు

సుంకాలో జారా అనే మెకానిక్ మొట్టమొదటి ఘనకార్యం, ఇంజను పైకి లాగకుండా డీజిల్ పంపు పుల్లీ మార్చడం. సికాసో ఊళ్ళో అంతవరకూ ఆ పని చేసిన మొనగాడు లేడు. ఆ పాత డీజిల్ కార్లలో పుల్లీ ఇంజనుకూ పక్క రేకుకూ మధ్య, చెయ్యి అడ్డంగా దూరని సందులో, ఎక్కడో అడుగున ఉంటుంది. కంటికి కనపడదు. గొలుసులు కట్టి ఇంజను మొత్తం ఎత్తితే తప్ప దాని మొహం చూడలేమని పెద్ద పెద్ద మేస్త్రీలే చేతులెత్తేశారు. అప్పటికి మీసాలు కూడా సరిగా రాని సుంకాలో ఇంజను కింద జాకీ పెట్టాడు. ఒక పక్క బిగింపు విప్పి ఇంజన్ని కాస్త కిందికి వంచాడు. ఆ సందులో చెయ్యి దూర్చాడు. అన్నం వేళకి కూడా ఆ చెయ్యి బయటికి తియ్యలేదనీ, ముద్దలు ఎవరో నోట్లో పెట్టారనీ చెబుతారు. చివరికి మోచేతి దాకా తోలు లేచిపోయిన చేత్తో పుల్లీ పైకెత్తి, మూగిన జనానికి చూపించి, అతనన్నది ఒక్కటే మాట.

"ఈ నట్టు ఇంత దరిద్రంగా బిగించినవాడు త్రావోరే అయ్యుంటాడు."

అదీ సుంకాలో జబ్బు. లోకంలో ఏ తప్పు జరిగినా త్రావోరే ఇంటిపేరు వాళ్ళ మీదికి తోసెయ్యడం.

జారా ఇంటిపేరు వాళ్ళకూ త్రావోరేలకూ తాతముత్తాతల నాటినుంచి సరసం. ఒకళ్ళనొకళ్ళు "అలసందలు మెక్కేవాడా" అని ఎంతైనా తిట్టుకోవచ్చు. తిట్టించుకున్నవాడు కోపం తెచ్చుకున్నాడంటే మాత్రం ఊళ్ళో తలెత్తుకోలేడు. మిగతా జారాలకు అది పెళ్ళిళ్ళలోనూ సంతలోనూ కాస్సేపు ఆడుకునే ఆట. సుంకాలోకి అది ఉద్యోగం. మెకానిక్ పని తీరిక వేళల్లో చేసేవాడు.

ఒకసారి బడిపంతులు దెంబెలే చుక్క నూనె లేకుండా మోటారు సైకిలు తోలి ఇంజను పట్టేసేలా చేసుకున్నాడు. ఊరికి లెక్కలు చెప్పే మనిషి. తలకాయ నేలకేసి నిలబడ్డాడు. సుంకాలో ఇంజను విప్పి లోపల వాసన చూసి, "నూనె ఎటు పోయిందనుకున్నారు పంతులూ, అలసందలు వేయించుకోడానికి త్రావోరేలు వంపుకుపోయారు" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. పంతులూ నవ్వాడు.

ఇంకోసారి సుంకాలో ఇంట్లో చుట్టాలంతా కూచున్న వేళ అన్నం మాడింది. వాళ్ళావిడ జెనెబా మొహం కుండ అడుగులాగా నల్లబడింది. "పక్కింటి త్రావోరే గోడ మీంచి వాసన పీల్చాడు, మాడకేం చేస్తుంది" అని ఆ మాడు అడుగంతా తనే గీక్కుని తిన్నాడు.

ఈ తిట్లన్నీ తినడానికి ఊళ్ళో అందరికంటే అందుబాటులో ఉన్న త్రావోరే జుమానా. అద్దెకారు తోలేవాడు. పంతులి ఇంజను విప్పినప్పుడూ, జెనెబా అన్నం మాడినప్పుడూ అక్కడే ఉన్నాడు. రోజూ పొద్దున్నే గ్యారేజీ ముందు హారన్ కొట్టి, తన వాటా తిట్లు తిని, నాలుగు వడ్డించి పోయేవాడు. అవి పడకపోతే ఆ రోజు బేరాలు సరిగా సాగవని అతని నమ్మకం.

అలాంటి జుమానాకి ఒక్కసారి నిజంగా కోపం వచ్చింది. అది జూన్ నెల. మర్నాడు పొద్దున్నే పిల్లలకు పెద్ద పరీక్ష. పరీక్ష జరిగేది సికాసోలో. జుమానా సొంతూరు అక్కడికి చాలా దూరం. ఆ ఊరి పిల్లల్ని ఆ సాయంత్రమే తీసుకొచ్చే పూచీ తనదని ఊరిపెద్దల ముందు మాటిచ్చాడు. ఆ పిల్లల్లో అతని కూతురు సితాన్ ఉంది. ఆ ఊరినుంచి ఆ పరీక్ష దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. మధ్యాహ్నం డీజిల్ పోయించుకుని బయల్దేరాడో లేదో, కారు గరగరమని సంత మధ్యలో ప్రాణం వదిలింది. కూరగాయల వాళ్ళు తలా ఓ చెయ్యి వేసి గ్యారేజీ దాకా తోశారు.

సుంకాలో చెయ్యి లోపలికి పెట్టాడు. చూపు మాత్రం ఆకాశంలోకి. ఆ సందులో కళ్ళకేం పని లేదనేవాడు. చెయ్యి కాస్సేపు వెతికింది. త్రావోరేల ఊసెత్తకుండా సుంకాలో అంతసేపు ఉండడం జుమానా ఎన్నడూ చూడలేదు.

పుల్లీ షాఫ్టు మీద ఊగులాడుతోంది. రెండూ కలిసి తిరిగేలా గాడిలో కూర్చోవాల్సిన చిన్న ఇనప బిళ్ళ లేదు. అది పెట్టకుండానే ఎవరో నట్టు బిగించారు. పుల్లీ లోపలంతా అరిగి కూచుంది.

కిందటి నెలలో జుమానా చావుకబురు వచ్చి ఊరెళ్తూ ఈ గ్యారేజీలోనే కారు వదిలాడు. అప్పుడే పుల్లీ కొత్తది వేశారు. ఆ వారం సుంకాలో కూడా ఊళ్ళో లేడు.

"ఎవడు బిగించాడు బావా? పేరు చెప్పు. రేపు స్టాండులో అందరి ముందూ వాణ్ణి కడిగేస్తాను. మళ్ళీ ఎవడూ వాడి చేతికి పానా ఇవ్వకుండా చేస్తాను."

గ్యారేజీ గోడ పక్కన కుర్చీలో ముసలి నూహూం సనోగో కూచుని ఉన్నాడు. గ్యారేజీ ఆయనదే. సుంకాలోకి పానా పట్టడం నేర్పింది ఆయనే. చూపు మందగించాక, చేతులు వణకడం మొదలయ్యాక కుర్చీకి పరిమితమయ్యాడు. ఆయన చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. పెదాలు కదిలాయి.

"నాయనా జుమానా, ఆ రోజు..."

సుంకాలో పానాతో కారు రేకు మీద ఫెళ్ళుమని కొట్టాడు.

"ఇంకెవరు, త్రావోరే!"

"ఈ గ్యారేజీలో త్రావోరేలే లేరు కదా."

"ఒకడున్నాడుగా. నా ఎదురుగా నిలబడి అరుస్తున్నాడు. చావింట్లో అలసందలు చాలక తిరిగొచ్చి, ఇంజన్లో ఏమైనా దాచారేమోనని చెయ్యి పెట్టుంటావు. బిళ్ళని గింజ అనుకుని మింగేశావు."

జుమానా నోరు తెరిచాడు. కళ్ళు ముసలాయన చేతుల మీద పడ్డాయి. బడిపంతులు వంచిన తల గుర్తొచ్చింది. జెనెబా నల్లబడిన మొహం గుర్తొచ్చింది. ఇన్నేళ్ళుగా త్రావోరేలు తిన్న ప్రతి తిట్టు పక్కనా ఎవరో ఒకరు తలదించుకుని ఉన్నారని అప్పుడు తట్టింది.

సుంకాలో వైపు తిరిగాడు.

"నిజమే బావా, నేనే మింగాను. ఉప్పు తక్కువైంది."

ముసలాయన కుర్చీలోంచి మొదట దగ్గులాంటిదొకటి వినబడింది. ఆ తర్వాత అది నవ్వయింది.

సుంకాలో గ్యారేజీ వెనక పడున్న చచ్చిన కారులోంచి పుల్లీనీ దాని బిళ్ళనీ పీకాడు. జాకీ మీద ఇంజను వంచి, ముసలాయన కుర్చీని కారు పక్కకి లాక్కొచ్చి, చెయ్యి లోపల పెట్టి ప్రతి మెట్టూ ఆయన్నే అడిగాడు. ఇప్పుడు బిళ్ళా బాబా, ఇప్పుడు నట్టా బాబా, గుర్తుకి గుర్తు కలిసిందా బాబా అని. అవన్నీ అతనికి నిద్రలోనూ తెలిసినవే. కొత్త బెల్టు కూడా తొడిగి, పొద్దు వాలకముందే ఇంజను మోగించాడు. మర్నాడు గంట కొట్టకముందే పిల్లలు బల్లల ముందు కూచున్నారు. సితాన్ కలం మూత తియ్యడం జుమానా కిటికీలోంచి కళ్ళారా చూశాడు. ఆ కళ్ళు తుడుచుకుంటూ, దుమ్ము లేపింది జారాలేనని పక్కవాడితో చెప్పాడు.

ఆ వారంలోనే సుంకాలో ముసలాయన్ని కంటి డాక్టరుకు చూపించడానికి రాజధాని బమాకో తీసుకెళ్ళాడు. ఊరికి చెప్పింది వేరే. "బమాకోలో త్రావోరేలు పెరిగిపోయారట, చూసొస్తాను. బాబా సాక్షి."

అతను వెళ్ళినప్పటినుంచి స్టాండులో తగువులు ఎక్కువయ్యాయి. ఎవరి తప్పు వాళ్ళ నెత్తినే మిగిలిపోతోంది. మొన్న టైరు పేలితే, తిట్టే దిక్కు లేక జుమానా తనను తానే అలసందల వెధవా అని తిట్టుకున్నాడు. సొంత నోటితో అంత రుచిగా రాలేదు.

అందుకని అలసందలు ఓ బస్తా కొని గ్యారేజీ తలుపు ముందు పెట్టాడు. దాని మీద పెద్ద అక్షరాలతో సితాన్ చేత "జారా గారి ఆహారం" అని రాయించాడు. వాళ్ళిద్దరూ ఎక్కే బమాకో బస్సు జూన్ ఇరవై తొమ్మిదో తారీఖు, ఆదివారం సాయంత్రం వస్తుంది.