నాలుగున్నర బస్సు

గుంటూరులో తెల్లవారుతుండగా నంద్యాల వైపు వెళ్ళే రైలెక్కాను. నేను చేసేది కాస్త వింత ఉద్యోగం. నేలా నీరూ పాడవకుండా అభివృద్ధి ప్రణాళికలు ఎలా వేయాలో ప్రభుత్వ శాఖల మేనేజర్లకు నేర్పుతుంటాను. ఈసారి మార్కాపురంలో రెండు రోజుల శిక్షణ. వినుకొండ దాటాక ఎదురు సీటులోని రాతి పలకల గని కార్మికుడు "ఏం పని మీద పోతుండావక్కా?" అని అడిగితే చెప్పాను.

"ఆఫీసర్లకు గూడా పాఠాలు చెప్పేటోళ్ళు ఉండారా!" అని ఆశ్చర్యపోయి, తన పులిహోరలో సగం నాకు పెట్టాడు. జాలిపడే పెట్టాడని నా అనుమానం.

మార్కాపూర్ రోడ్ స్టేషన్‌లో దిగి, షేర్ ఆటోలో ఊళ్ళోకి వెళ్ళి, బస్టాండు దగ్గర లాడ్జిలో సామాను పడేశాను. గది శుభ్రమే. వేడినీళ్ళు మాత్రం రెండుసార్లు అడగాలి. పది గంటలకు మొదటి పాఠం ఇంధన పొదుపు. అది వినడానికి ఆరుగురు మేనేజర్లు ఆరు జీపుల్లో వచ్చారు. నాకు ఒళ్ళు మండింది.

"రేపు మీ పథకం స్థలం చూడటానికి అందరం ఆర్టీసీ బస్సులో పోదాం" అన్నాను. వాళ్ళలో పెద్దాయన రమణయ్యగారు పచ్చి కాకరకాయ కొరికినట్టు మొహం పెట్టారు.

మర్నాడు నేను లాడ్జి ఖాళీ చేసి సామాను వెంట తెచ్చుకున్నాను. భోజనాలు చేసి అందరం గిద్దలూరు బస్సెక్కాం. గిద్దలూరుకు ఇవతలే, నల్లమల అంచున ఒక ఖాళీ భూమి ఉంది. దాని చుట్టూ కంచె వేసి వెదురు నాటాలని రమణయ్యగారి పథకం. కాగితాలు మరుసటి రోజే పై ఆఫీసుకు వెళ్ళాలి. కంభం దగ్గర గొర్రెల మందుల సీసాలతో ఓబులమ్మ అనే ఆమె ఎక్కి నా పక్కన కూర్చుంది. ముందు సీటులో రమణయ్యగారు పథకం గురించి గట్టిగా చెబుతున్నారు.

"కంచె యాడిదాకా సార్?" అంది ఆమె.

"కుంట దాటి అవతలి దాకా. అంతా ఖాళీయేగా."

ఆమె నా చెవిలో గొణిగింది. "ఆ కుంట మూసేస్తే ఎండలు ముదరకముందే నా గొర్రెలను తెగనమ్ముకోవాలమ్మా. ఇంగ యాడ తాపాల నీళ్ళు?"

"ఆయనకు చెప్పకపోయారా?"

"చెప్పినాం. గొర్రెలేవీ, కనపడవే అన్నాడు. ఈయప్ప వచ్చేది మిట్టమధ్యాహ్నం. అప్పుడు మందలు కొండ మీద ఉంటాయి గదా!"

నా పాఠాల్లో గొర్రెల ఊసే లేదు. అంతలో రమణయ్యగారు వెనక్కి తిరిగి, తిరుగు బస్సు ఎప్పుడని అడిగారు.

"నాలుగున్నరకు ఉండాది సార్, కదలకుండా కూచోండి" అంది ఓబులమ్మ. కండక్టరు ఏదో అనబోయి, ఆమె మొహం చూసి, టికెట్ల మిషన్ వైపు తల వంచాడు.

ఓబులమ్మ కూడా మాతోనే దిగి, సీసాలతో కొండ దారి పట్టింది. మేం చుట్టూ చూశాం. నిజంగానే భూమి ఖాళీగా ఉంది. ఫొటోలు తీసుకుని రోడ్డు పక్క కూర్చున్నాం. నాలుగున్నర అయింది, అయిదూ దాటింది. బస్సు జాడ లేదు. ఆరుగురు మేనేజర్లూ నన్నే చూస్తున్నారు. లోపల నవ్వు తన్నుకొస్తుంటే నీళ్ళు తాగి దాచుకున్నాను.

పొద్దు వాలగానే కొండ మీంచి దుమ్ము లేచింది. ఒక మంద, దాని వెనక ఇంకొకటి, మరొకటి. ఖాళీ భూమి కాస్తా నిండిపోయింది. గొర్రెలన్నీ కుంట చుట్టూ ఎగబడి తాగుతున్నాయి. పక్క ఊళ్ళ రైతులు అప్పుడే వచ్చి, ఆ రాత్రి మంద ఎవరి చేలో పెట్టాలా అని వాదించుకుంటున్నారు. గొర్రెలు ఒక రాత్రి పడుకుంటే చేనికి కావలసినంత ఎరువు. రమణయ్యగారి పథకంలోనేమో సేంద్రియ ఎరువు బస్తాలు బయటి నుంచి తెప్పించాలని ఉంది!

తన మంద వెనకే వచ్చిన ఓబులమ్మను ఆయన నిలదీశారు. "నాలుగున్నరకు బస్సుందన్నావే!"

"వచ్చేది సార్, నా పెండ్లప్పుడు."

ముందుగా నవ్వింది రమణయ్యగారే. ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడే పోయింది.

చివరికి పొట్టేళ్ళను సంతకు తీసుకెళ్తున్న ట్రాలీ ఆటోలో గిద్దలూరు చేరాం. దారిలో ఒక పొట్టేలు పథకం కాగితం మూల కొరికింది. రమణయ్యగారు దాన్ని అదిలించకుండానే ఆఫీసుకు ఫోన్ చేశారు. "రేపు పంపొద్దు. కంచె కుంటకు ఇవతలే ఆపాల. మందలకు దారి వదలాల. ఆ ఎరువు బస్తాలు కొట్టేయండి."

పొద్దున గిద్దలూరులో తిరుగు రైలెక్కాను. కిటికీలోంచి నల్లమల కనిపించినంతసేపూ చూస్తూ కూర్చున్నాను. మనసు తేలిగ్గా ఉంది. రెండు రోజులు నేను చెప్పిన పాఠాలకు ఆ కాగితాల్లో ఒక్క గీత మారలేదు, అదొక్కటే కాస్త చిన్నతనంగా అనిపించింది.

ఆ దారిన వెళ్ళేవారికి ఒక మాట. నాలుగున్నర బస్సు ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. అయినా పొద్దు వాలేదాకా అక్కడే కూర్చోండి.