గోడ బయటి గ్రావెల్ నేల

మా సండే స్కూలు టీచరమ్మ గారు మొన్న మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి ఏలూరు ఆసుపత్రిలో చనిపోయారు. బుధవారం సాయంత్రం ఆమెను మా ఊరి సంఘం సమాధుల తోటకు బయట, తూర్పు గోడ అవతల, కాలువ గట్టు వాలులో సమాధి చేశారు. బాప్తిస్మం పొందిన మనిషిని గోడ బయట పెట్టడం మా ఊళ్లో ఇదే మొదటిసారి. అక్కడ పెట్టమని ఆమే అడిగారు.

ఎందుకడిగారో చెప్పాలంటే ముందు ఆ నేల సంగతి చెప్పాలి. దెందులూరు దాటి కొల్లేటి వైపు వెళ్లే దారిలో ఉంటుంది మా ఊరు. అంతా నల్లమట్టి. ఎంత లోతు తవ్వినా రాయి తగలదు. మామిడికాయ కొట్టడానికి పిల్లలకు రాయి కావాలంటే రోడ్డు పక్క కంకర కుప్పను వెతుక్కోవాలి. కొల్లేరు పొంగిన ఏడు సమాధుల తోటలోకి నీళ్లు వచ్చేవి. గొయ్యి తవ్వుతుండగానే అడుగున నీరు ఊరేది. పెట్టె పైకి తేలకుండా వెదురు బొంగులతో అదిమిపట్టి మట్టి వేసిన రోజులు మా పెద్దవాళ్లకు గుర్తున్నాయి. అందుకని సంఘం వారు మెట్ట ప్రాంతం నుంచి లారీల మీద ఎర్ర గ్రావెల్ తెప్పించి ఆ స్థలాన్ని మెరక చేశారు. చుట్టూ గోడ కట్టారు. లోపల గ్రావెల్ పైన మళ్లీ నల్లమట్టి పరిచారు. మిగిలిన గ్రావెల్‌ను తూర్పు గోడ అవతల కాలువ గట్టు దాకా పారబోసి వదిలేశారు. టీచరమ్మ గారి భర్తను పెట్టింది ఆ రాళ్లలో.

ఆమె వారమంతా ఎలిమెంటరీ స్కూల్లో, ఆదివారం సంఘంలో పాఠం చెప్పేవారు. రెండు చోట్లా ఒకటే గొంతు. ఒకటో తరగతి పిల్లల్ని కూడా ‘మీరు’ అనేవారు. "ఏవండీ చిన్నగారూ, చెప్పులు గుమ్మం బయట వదలండి" అంటే ఐదేళ్లవాడు సిగ్గుపడి చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి వెళ్లేవాడు. నవ్వడం తక్కువ. ఎవరైనా అబద్ధం చెబితే కోప్పడకుండా, వాళ్లు నిజం చెప్పేదాకా ఎదురుగా కూర్చునేవారు.

విత్తనాలు చల్లినవాడి ఉపమానం ఏటా చెప్పేవారు. రాతినేల దగ్గరికి వచ్చేసరికి ఒక మట్టి మూకుట్లో గ్రావెల్ పోసి, పైన కొంచెం మట్టి రాల్చి, మెంతులు చల్లి నీళ్లు చిలకరించేవారు. మూకుడు కిటికీలో ఉండేది. పక్కన పూలకుండీలో వేసిన మెంతులకన్నా అవే ముందు మొలిచేవి. మరుసటి ఆదివారానికి అవే ముందు వాడిపోయేవి. "చూశారా అండీ, తొందరగా వచ్చింది తొందరగానే పోయింది" అని మూకుడు బోర్లించేవారు. సంతోషంగా విని, వేరు పట్టని మనుషులు అలాంటివారని మా చేత చెప్పించేవారు.

ఆ రోజుల్లో మా సంఘం పాస్టరు అయ్యగారు ఏలూరులో ఉంటూ అప్పుడప్పుడు వచ్చి వెళ్లేవారు. బాప్తిస్మానికి ఎవరు సిద్ధంగా ఉన్నారన్నది ఆయన టీచరమ్మ గారినే అడిగేవారు. ఆమె సరేనంటేనే మనిషి నీళ్లలోకి దిగేది. ఉజ్జీవ సభల్లో ప్రభువును నమ్ముకున్నామని చేతులెత్తినవాళ్లను ఆమె లెక్కలోకి తీసుకునేవారు కాదు. "పరలోకం గేటు దగ్గర టికెట్లు చించేది మన టీచరమ్మ గారేనంట, మనం గోడ దూకడమే" అని మగవాళ్లు టీ కొట్టు దగ్గర అనుకునేవారు.

ఆమె భర్త కొల్లేట్లో చేపల చెరువుకు కాపలా ఉండేవారు. పుట్టింది సంఘంలోని ఇంట్లోనే గానీ బాప్తిస్మం తీసుకోలేదు. తాగుడు అడ్డం. ఒకసారి చేపల లోడుతో తాడేపల్లిగూడెం వెళ్లినవారు అక్కడ ఉజ్జీవ సభలో చెయ్యెత్తి వచ్చారు. అది క్రిస్మస్ ముందర. ఆ తర్వాత జరిగిన మాటలు ఆమే మాకు చాలాసార్లు చెప్పారు, ఏదీ దాచుకోకుండా.

"అయ్యగారొచ్చే ఆదివారం నా పేరు కూడా చెప్పండి టీచరమ్మ గారూ" అన్నారట ఆయన. వేళాకోళంగా మొదలై, ఇంట్లో కూడా ఆయనకు అదే పిలుపు అలవాటైంది.

"మానేసి ఎన్నాళ్లయిందండీ?"

"క్రిస్మస్ నుంచి ముట్టుకోలేదు కదా."

"అది మూకుట్లో మొలకండీ. ఒక ఎండాకాలం తట్టుకోనివ్వండి. కాలువలు వదిలాక చూద్దాం."

"సరేలెండి. మీ క్లాసులో తప్పినోణ్ణి నేనొక్కణ్ణేగా."

మా వైపు బాప్తిస్మాలు కాలువలోనే. ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. మంచినీళ్ల చెరువులో మనుషులు దిగకూడదు. చేపల చెరువులో యజమానులు దిగనివ్వరు. కాబట్టి ఏప్రిల్ ముందు దిగనివారు వానాకాలం దాకా ఆగవలసిందే. ఆయన ఆగారు. మే నెలలో ఒక మధ్యాహ్నం చెరువు గట్టు మీద వడదెబ్బ తగిలి చనిపోయారు. "పక్కన మంచినీళ్ల కుండ ఉందండి. ఇంకేం లేదు. ఆయన మందు తాగలేదండి" అని తోటి కాపలా మనిషి శవం దగ్గర అందరికీ వినబడేలా చెప్పాడు.

బాప్తిస్మం లేనివారికి గోడ లోపల చోటు లేదన్నది సంఘం నిబంధన. అంతకు కొద్దికాలం ముందే చేపల గంప మోసి అమ్ముకునే ఒకామె అలాగే చనిపోతే, లోపల పెట్టడానికి వీల్లేదన్నవారిలో టీచరమ్మ గారు ఒకరు. ఆ ఇంటివాళ్లు ఆమెను కొల్లేటి గట్టుకు తీసుకుపోయారు. ఇప్పుడు అయ్యగారు తానే ఒక మెట్టు దిగారు.

"లోపలే పెడదామమ్మా. ఆయన ఎప్పుడో వచ్చేశాడు, నీళ్లే రాలేదు."

"ఆ చేపలామెకి లేని దారి నా ఇంటికెలా వస్తుందండీ? బయటే పెట్టండి" అన్నారు టీచరమ్మ గారు.

అలా ఆయన గ్రావెల్లోకి వెళ్లారు.

ఆ జూన్‌లో కాలువలు వదిలిన వారమే ఆమె గంప, చిన్న గునపం తీసుకుని గోడ వెనక్కి వెళ్లడం మొదలుపెట్టారు. ముందు బంతి నారు పెట్టారు. వానలున్నంతకాలం నిలబడింది, తర్వాత మాడిపోయింది. మరుసటి ఏడు కూడా అంతే. అప్పటినుంచి మొక్కలు ఆపి రాళ్లు ఏరడం మొదలుపెట్టారు. ఏరిన రాళ్లను గట్టు మీద గోతుల్లో పోసేవారు, తిరిగి వచ్చేటప్పుడు గంపలో నల్లమట్టి తెచ్చేవారు. స్కూలు విడిచాక ఆమెతో పని పడితే ఎవరూ ఇంటికి వెళ్లేవారు కాదు, గోడ వెనక్కే వచ్చేవారు.

గట్టు మీద సైకిల్ ఆపి ఎవరో ఒకరు పలకరించేవారు. "టీచరమ్మ గారూ, మెట్టకెళ్లే పని లేకుండా మెట్ట సేద్యం ఇక్కడే పెట్టారాండీ?"

"అవునండి. మీరు ఖాళీగానే ఉన్నట్టున్నారు, ఓ గంప అందుకోండి."

సైకిల్ వెంటనే కదిలేది. చాలా ఏళ్లకు అక్కడ కనకాంబరాలు, గోంగూర నిలదొక్కుకున్నాయి. కనకాంబరాలు ఆడవాళ్లు తీసుకునేవారు. గోంగూర ఎవరూ తీసుకోలేదు. "సమాధి మీది కూర మాకొద్దండీ" అంటే, "మా ఆయనకి పుల్లకూర ఇష్టమేలెండి" అని తానే వండుకునేవారు.

పాఠం కూడా మారింది. ఒక ఆదివారం రాతినేల దగ్గరికి వచ్చి, మూకుడు తీయకుండా మమ్మల్ని గోడ వెనక్కి తీసుకెళ్లారు.

"ఈ రాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?"

"నేలలోంచండి."

"మన నేలలో రాళ్లున్నాయా?"

"లేవండి."

"మరి?"

"లారీల్లో వచ్చాయండి."

"ఎవరు తెప్పించారు?"

"మనమేనండి" అని ఆమే జవాబిచ్చారు. "మనమే తెచ్చి పోసి, రాతినేల అని పేరు పెట్టాం. మా ఆయన్ని నేను అలాగే అన్నాను. ఆయన మీదున్న రాళ్లలో సగం నేను పోసినవి." తర్వాత తలా ఒక రాయి ఏరమన్నారు. ఏరాం. ఆ రోజు పాఠం అంతే.

అయ్యగారు ఎవరి గురించైనా సిద్ధంగా ఉన్నారా అని అడిగితే ఆ తర్వాత ఆమె జవాబు ఒకటే. "దింపండి అయ్యగారూ. వేళ్ల సంగతి నేను చూసుకుంటాను." చూసుకోవడమంటే గురువారం సాయంత్రాలు వాళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చోవడం. వాళ్లలో నిలబడినవారున్నారు, నిలబడనివారు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. మా వీధిలో ఒకతను నీళ్లలోంచి లేచిన నెలకే మళ్లీ సారా దుకాణానికి వెళ్లాడు. టీచరమ్మ గారు అతని అరుగు మీద కూర్చుని అడగడం నేను విన్నాను.

"ఇంకా తాగుతున్నారాండీ?"

"తాగుతున్నానండి టీచరమ్మ గారూ."

"సరేనండి. వచ్చే గురువారం వస్తాను."

ఇది ఏళ్ల తరబడి నడిచింది. అతనిలో మార్పు వచ్చిందని రాయడానికి నా దగ్గర ఆధారం లేదు. ఎందుకు తిరుగుతున్నారని ఒకసారి అడిగితే, "మొలిచిందో లేదో పీకి చూడటం ఒకసారి చేశానండి. ఇక చెయ్యను" అన్నారు.

నిరుడు కొల్లేట్లో ఆక్రమణలని ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఆయన కాపలా కాసిన చెరువు కూడా పోయింది. ఆ వానాకాలం కాలువ పొర్లి గోడ వెనక మట్టి చాలావరకు కొట్టుకుపోయింది. చోటుచోట కింద రాళ్లు మళ్లీ బయటపడ్డాయి. ఆమెకు అప్పటికి మోకాళ్లు వంగడం లేదు, షుగర్ ఉంది. అయినా నీరు తీశాక గంప తీసుకుని వెళ్లారు. ఎడమ కాలి బొటనవేలి కింద గ్రావెల్ ముక్క దిగింది. పుండు మానలేదు. ఏలూరులో వేలు తీశారు, తర్వాత పాదం తీశారు. మోకాలి దాకా తీయాలన్న దగ్గర ఆమె వద్దన్నారు.

తాడేపల్లిగూడెంలో నర్సుగా పనిచేసే ఆమె కూతురు సెలవు పెట్టి దగ్గరే ఉంది. చివరి ఆదివారం ఇప్పటి అయ్యగారు ప్రార్థన చేసి లేస్తుంటే ఆమె ఆపారట. "నన్ను మా ఆయన పక్కన పెట్టండి. ఆయన్ని లోపలికి తెమ్మని నేనడగను. నేను బయటికెళతాను." కూతురు, అయ్యగారు ఇద్దరూ విన్నారు.

కానీ బుధవారం శవం ఊరికి వచ్చేసరికి కమిటీ వారు గోడ లోపల, గేటు దగ్గర మంచి చోట గొయ్యి తవ్వించి ఉంచారు. గౌరవంగానే చేశారు. కూతురు తల్లి మాట చెప్పింది. సంఘ పెద్ద ఒకాయన ముందుకొచ్చారు.

"అమ్మా, అలాంటి మనిషిని బయట పెడితే సంఘానికి తలవంపులు కాదా?"

"మా నాన్న ఇన్నేళ్లూ బయటున్నారండి. అది తలవంపులనిపించలేదా?"

ఆయన చెప్పులు వేసుకుని పక్కకు వెళ్లిపోయారు. అయ్యగారు గోడ వెనక తవ్వమన్నారు. తవ్వినవారిలో మా వీధి అతను ఉన్నాడు. ఆ రోజు కూడా తాగే ఉన్నాడు, గునపం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. పైన, ఆమె మోసి పోసినదాంట్లో వరదకు పోగా మిగిలిన మెత్తటి మట్టి మోకాలి లోతు వచ్చింది. కింద అంతా రాళ్లే. ఆ మోకాలి లోతు మట్టి ఆమె జీవితంలో సగం. మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దువాలేదాకా పట్టింది. లోపల తవ్విన గొయ్యిని ఖాళీగా ఉంచకూడదని అదే మట్టితో పూడ్చేశారు. ఇప్పుడు గేటు దగ్గర పేరు లేని కొత్త దిబ్బ ఒకటి ఉంది. తెలియనివారు అక్కడే పూలు పెట్టి వెళుతున్నారు.

నిరుటి వరదకు తూర్పు గోడ కొంత పక్కకు వాలింది. దాన్ని బాగుచేయించాలని ఆమె ఆసుపత్రిలో ఉండగానే కమిటీ నిర్ణయించింది. ఇప్పుడు అందులో రెండు మాటలున్నాయి. గోడ ఉన్నచోటే నిలబెట్టాలని సంఘ పెద్ద గారు అంటున్నారు. "రూలు మార్చొద్దని ఆ రోజు ఆవిడే అన్నారండి. ఆవిడ మాటకే కట్టుబడి ఉందాం" అన్నది ఆయన వాదన. అందులో అబద్ధం లేదు. గోడ పడగొట్టి, ఆ రెండు సమాధులూ లోపలికి వచ్చేలా గట్టు వైపు జరిపి కట్టాలని అయ్యగారు అంటున్నారు. "ఆ మాట అన్నందుకు ఆవిడ ఎంతకాలం రాళ్లేరారో మీరంతా గట్టు మీంచి చూశారు కదండీ" అని ఆయన అడిగారు. అలా జరిపితే గోడ కాలువకు మరీ దగ్గరవుతుందనీ, మరో వరదకు నిలవదనీ ఇంకొందరు అంటున్నారు. అదీ నిజమే. కూతురు ఏమీ అడగలేదు. సెలవు అయిపోవడంతో శుక్రవారం తాడేపల్లిగూడెం వెళ్లిపోయింది.

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక సంఘ సమావేశం ఉంది. చేతులెత్తించి తేలుస్తామని చెప్పారు. మేస్త్రీని సోమవారం పొద్దున ఏడింటికి రమ్మన్నారు. గోడను నిలబెట్టాలో పడగొట్టాలో ఇంకా తెలియదని అతనికి కబురు పంపితే, తాపీలు, గునపాలు రెండూ తెచ్చుకుంటానన్నాడు.