ఒక రోజు ఆలస్యంగా వచ్చే పేపరు

ఈ ఉదయం వానకు తడిసిన పేపరును బల్ల మీద పరిచి ఇస్త్రీపెట్టెతో ఆరబెడుతుంటే, వెచ్చబడిన సిరా వాసన గదంతా అలుముకుంది. పక్కన ఫోను మోగుతూనే ఉంది. ఎవరో ఎవరినో ఊరినుంచి తరిమెయ్యాలంటున్న సందేశాలు. ఫోనును బోర్లా పెట్టి ఆ వాసన పీలుస్తూ కూర్చున్నాను. తొంభైలలో, భిలాయిలోని మా సెక్టారు తెలుగు పఠన మందిరంలో, తడిసిన పేపర్లను కుర్చీల మీద ఆరేసే సింహాచలం గారు గుర్తొచ్చారు.

ఆయన ఉక్కు ప్లాంటులో నాకు ఫోర్‌మన్. విజయనగరం వైపు మనిషి. రోలింగ్ మిల్లు చప్పుడులో ఏళ్ల తరబడి మాట్లాడడం వల్ల, నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూడా అరిచినట్టే మాట్లాడేవారు. ఆ గొంతే మాకు పనికొచ్చింది. మాలో చాలామంది పెద్దవాళ్లకు హిందీ మాట్లాడటం వచ్చు గాని చదవటం రాదు. మా పిల్లలకేమో తెలుగు చదవటం రాదు. అందుకని రోజూ సాయంత్రం ఆయన రెండు పేపర్లూ అందరికీ చదివి చెప్పేవారు. హిందీ పేపరు ఆ రోజుదే. తెలుగు పేపరు విశాఖ వైపు నుంచి రైల్లో పక్కనున్న దుర్గ్ స్టేషను చేరి, మాకు ఒక రోజు ఆలస్యంగా అందేది. అందులోంచే ఆయన ఒక నియమం పెట్టారు. హిందీ పేపర్లో వేడి పుట్టించే వార్త వస్తే చదివేవారు గాని, దాని మీద వాదన మొదలుపెట్టనిచ్చేవారు కాదు. "రేపు మన పేపరు రానీండి. రెండోవోడేటంటాడో విందుం" అనేవారు. మర్నాటికి సగం కోపాలు వాటంతటవే చల్లారిపోయేవి.

"మావయ్యా, నువ్వు పెళ్లికి కూడా మర్నాడే ఎల్తావేటి?" అని ఒకడు ఆటపట్టించాడు.

"మర్నాడెల్తేనేరా పులుసు రుచిగుంటాది" అన్నారాయన, పేజీ తిప్పుతూ.

ఆ నియమం ఒక్కసారి మాత్రం పని చెయ్యలేదు. నేను ఆయన్ని తలుచుకునేది ఎక్కువగా ఆ ఒక్కసారి గురించే.

ఎన్నికల రోజులు. రైలు పట్టాల అవతల ఠేకేదార్ల దగ్గర, అంటే కాంట్రాక్టర్ల దగ్గర, కూలి చేసుకునే ఆంధ్రావాళ్ల బస్తీ ఒకటి ఉండేది. ప్లాంటులో పోయిన రాగి తీగ అక్కడ దొరికిందనీ, బస్తీ బస్తీయే దొంగల అడ్డా అనీ ఒక స్థానిక పత్రిక పెద్ద అక్షరాలతో వేసింది. రెండు రోజుల్లో ఆ మాట జీపు మీది మైకులోకి ఎక్కింది. బయటివాళ్ల నుంచి ఊరిని కాపాడతానని పోటీలో ఉన్న ఒకాయన వీధివీధికీ చెప్పుకుపోయాడు. మేమూ బయటినుంచి వచ్చినవాళ్లమే. అయినా ఆ మాట మమ్మల్ని కాదనుకున్నాం. బస్తీనుంచి ఎవరినీ రానివ్వకూడదని మా వీధివాళ్లు తీర్మానించారు. ఎండుచేపలు అమ్ముకునే పైడమ్మను వీధి మొగలోనే ఆపి, నిండు గంపతో వెనక్కి పంపేశారు. ఆమె ఇల్లు ఆ గంప మీదే నడిచేది.

ఆ సాయంత్రం పఠన మందిరంలో, స్టోర్సులో పనిచేసే అప్పారావు గట్టిగా అన్నాడు: "ఛోడియే భయ్యా, వదిలీండి, పేపర్లో ఊరికే వస్తాదేటి? మనం పర్మనెంటోళ్లం. ఆళ్లతో మనకేటి?"

మర్నాడు తెలుగు పేపరు వచ్చింది. సింహాచలం గారు మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పారు. భిలాయి అన్న పేరే అందులో లేదు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "మన గురించి రాసే రెండోవోడు నేడురా. పద, మనవే ఎల్దాం" అన్నారు నాతో.

నా స్కూటరు మీద వెళ్లాం. బస్తీలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఏం జరిగిందో అడిగారు, తెల్ల కాగితాల మీద రాసుకున్నారు. ఆ ఆదివారం పైడమ్మను పఠన మందిరానికి రమ్మని, ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కాగితాలను పేపరు చదివినట్టే చదివారు. గది నిండా జనం. "పోలీసులు ఇల్లిల్లూ వెతికేరు, ఏటీ దొరకనేదు" అని పైడమ్మ చెప్పిన మాటగా ఆయన చదవగానే ఆమె లేచి నిలబడింది.

"నానలాగ అన్నేదు బాబూ. ఒకింట్లో దొరికింది. ఆడు మా బస్తీవోడే. ఆడొక్కడే అన్నాను. ఆడి పెళ్లాం మొకం సూపించలేక కన్నోరింటికెల్లిపోనాది."

ఆమె తన పక్షాన్ని తానే పాడుచేసుకుందనుకున్నాను. సింహాచలం గారు జేబులోంచి కలం తీసి, ఆ వాక్యాన్ని కొట్టేసి, ఆమె చెప్పినట్టే రాసి, మళ్లీ మొదటినుంచీ చదివారు. "తప్పు నాది. సరిగ్గా ఇన్నేదు" అని కూడా అన్నారు. అప్పారావు తల వంచుకుని, "ఒక్కడేనా?" అని మెల్లిగా అడిగాడు.

"ఒక్కడే బాబూ. నువ్వూ మీ అన్నదమ్ములూ అందరూ ఒక్కలాగుంటారేటి?" అంది పైడమ్మ. గది నవ్వింది. అప్పారావు కూడా.

ఆ వారంలోనే పైడమ్మ కేక మా వీధిలో మళ్లీ వినిపించింది. మొదట కొన్నది అప్పారావు భార్యే. కొన్ని తలుపులు మాత్రం ఎన్నికలు అయ్యేదాకా తెరుచుకోలేదు. మైకు పట్టుకున్నాయనే గెలిచాడు. పఠన మందిరానికి వచ్చే ఇద్దరు ముగ్గురు సింహాచలం గారితో మాటలు మానేశారు. ఇంత చేసీ ఏం లాభమని నేనంటే, "ఆణ్ని గెలవనీరా. మన ఈదిలో ఎండుచేపల కేక ఇనపడతన్నాదా నేదా?" అన్నారు.

డైరీ రాయడం నాకు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అలవాటు. ఆ ఆదివారం నుంచి ప్రతి విషయం పక్కనా ఒక అక్షరం వేస్తున్నాను. కళ్లారా చూసినదైతే 'చూ', చెప్పగా విన్నదైతే 'వి'. పైడమ్మ తిరిగి వచ్చిన రోజు పక్కన 'చూ' ఉంది. ఈ ఉదయం ఫోన్లో వచ్చినవాటన్నిటి పక్కనా 'వి' వేసి, ఎవరికీ పంపకుండా వదిలేశాను. అలా వదిలేసినవి నా డైరీల్లో పేజీలకు పేజీలున్నాయి.

సింహాచలం గారు రిటైరై ఊరికి వెళ్లిపోయాక అక్కడే పోయారు. ఎవరో ఫోను చేసి చెప్పారు. రైలు పట్టుకుని వెళ్లేసరికి అన్నీ అయిపోయాయి. ఆ వార్త పక్కన ఇవాళ్టికీ 'వి' అనే ఉంది. ఆయన నేర్పినదాని ప్రకారం, నేను కళ్లారా చూడనిదాన్ని మార్చే అధికారం నాకు లేదు.