జర్మనీని తిట్టిన మాస్టారు

లోకంలో ఏ కష్టమొచ్చినా దాని కారణం మా ఎవ్తిమ్ మాస్టారికి బల్గేరియా సరిహద్దు అవతలే దొరికేది. పాలు పొంగినా, మోకాలు పట్టేసినా చూపుడువేలు పడమటికి చాపి, "బయటి కారణం!" అనేవారు.

మా ఊరి బళ్ళో ఆయన సగం ఉద్యోగం ప్రణాళికల ఆర్థికశాస్త్రం చెప్పి, పాత కమ్యూనిస్టు ప్రభుత్వం కూలాక మిగతా సగం మార్కెట్ల ఆర్థికశాస్త్రం చెప్పారు. రెండింటిలోనూ మేం తప్పాం. దానికీ బయటి కారణమేనట.

ఆయన భార్య పెంకా గారికి ఒళ్ళు మండేది.

"చిక్కుడుగింజల సూపు మాడబెట్టారు! పొయ్యి దగ్గర కూర్చోమన్నది మిమ్మల్నే కదా?"

"ఆ గింజలు ఎక్కడివి పెంకా? చైనావి. మన మంట వాటికి పడలేదు."

"మరి మీకు కునుకు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అదీ దిగుమతే."

2009 చలికాలంలో మాత్రం ఆయన మాట సగం నిజమైంది. జర్మనీలో కోట్లు కొనేవాళ్ళు తగ్గి, మా కుట్టు ఫ్యాక్టరీకి ఆర్డర్లు ఆగిపోయాయి. మిగతా సగం మా యజమాని పుణ్యం. మంచి రోజుల్లో మా మిషన్లు తాకట్టు పెట్టి సముద్రం ఒడ్డున హోటల్ మొదలెట్టాడు. అది గోడల దగ్గరే ఆగింది. అతను రాజధాని సోఫియాకు జారుకున్నాడు. గేటుకు తాళం వేసే ఖర్మ సూపర్‌వైజర్ స్టామెన్‌కు పట్టింది.

మర్నాడు మంచులో మేమంతా స్టామెన్ ఇంటి మీదికి వెళ్ళాం. కాలర్లు కుట్టే నేనూ ఉన్నాను. ఇస్త్రీ పని చేసే జ్ద్రావ్కో చేతిలో రాయి ఉంది. లోపల స్టామెన్ పిల్లల ఏడుపు వినిపిస్తోంది.

మాస్టారు రొప్పుతూ వచ్చి మెట్లెక్కి నిలబడ్డారు.

"రాయెందుకురా?"

"వీడు మా పొట్ట కొట్టాడు మాస్టారూ!"

"వీడా? దేశాన్ని ముంచేంత తెలివుంటే నా క్లాసులో పాసయ్యేవాడు! ఇది బయటి కారణం. చెప్తాను, వినండి."

"అయ్యో, మొదలెట్టాడు!" అని ఎవరో మూలిగారు.

మాస్టారు అమెరికా ఇళ్ళ అప్పుల దగ్గర ఎత్తుకుని జర్మనీ బ్యాంకుల మీదుగా ఓడరేవులదాకా వెళ్ళారు. మంచు కురుస్తూనే ఉంది. ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి జ్ద్రావ్కో రాయి పారేసి, వేళ్ళు ఊదుకుంటూ, "కాళ్ళు గడ్డకడుతున్నాయి మాస్టారూ, ఎగుమతులు రేపు చెప్పండి" అని వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళే దారిలో మాస్టారిని అడిగాను. "హోటల్ సంగతి మీకు తెలీదా?"

"తెలుసు త్స్వెతానా, అది లోపలి కారణమే. ఆ మాట ఇప్పుడంటే యజమాని దొరకడు, స్టామెన్ దొరుకుతాడు. రేపు మీరంతా ఒకే వీధిలో బతకాలి. జర్మనీ పెద్ద దేశం, ఎంత తిట్టినా ఓర్చుకుంటుంది."

ఫ్యాక్టరీ మళ్ళీ తెరవలేదు. వసంతంలో స్టామెన్, జ్ద్రావ్కో ఒకే బస్సులో, పక్కపక్క సీట్లలో, జర్మనీ తోటల్లో కూలికి బయల్దేరారు. సాగనంపడానికి సగం ఊరు వచ్చింది.

మాస్టారు బస్సు కిటికీలోకి తల దూర్చి మెల్లగా అన్నారు:

"నేను వాళ్ళని తిట్టినట్టు అక్కడ చెప్పకండర్రా, పని ఇవ్వరు."